నోట్లో కుంచె

ముందు నా నోటి సంగతి చెప్పాలి. కిందటేడాది దాదాపు ఎనిమిది నెలలపాటు నా నోట్లో తుప్పు రుచి కాపురం పెట్టింది. పాత ఇనప మేకు చప్పరిస్తే ఎలా ఉంటుందో అలాగ. అన్నం తిన్నా అదే, కాఫీ తాగినా అదే, ఏమీ తినకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నా అదే. ఉమ్మి మింగాలన్నా రోత పుట్టేది. మింగకుండా ఎంతసేపని ఉంటాం? అందుకని ఎక్కడ పడితే అక్కడ ఉమ్మేవాణ్ణి, ఆ ఉమ్మిన చోటు చూసుకుని మళ్ళీ డోకు తెచ్చుకునేవాణ్ణి.

నేను తాడేపల్లిగూడెంలో బోర్డులు రాసే మనిషిని. బొమ్మలు వేసేవాళ్ళు వేరే ఉన్నారు, నాది అక్షరాల పని. దుకాణాల పేర్లు, లారీల వెనక రాతలు, రైసు మిల్లుల గోడలు, గుడ్డ బ్యానర్లు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఈ పని చేసేవాళ్ళు జిల్లాలో ఇంకా చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు ఇది చదివి ఒక్క అలవాటు మానుకున్నా నేను పడ్డ రోతకి కాస్త అర్థం ఉంటుంది. మిగతావాళ్ళు చదివి అసహ్యించుకుంటే మరీ మంచిది, నాకు తోడు దొరికినట్టవుతుంది.

2004 మార్చి, ఏప్రిల్

ఎన్నికల సీజను. పగలంతా గోడలు, గోడలు అయ్యాక బ్యానర్లు. గుడ్డ మీద రాతకి ఎనామిల్ రంగు పనికిరాదు, ఆరాక పెళుసెక్కి రాలిపోతుంది. పొడి రంగు తెచ్చుకుని బంక నీళ్ళలో చేత్తో కలుపుకోవాలి. నీలం గుడ్డ మీద పసుపు అక్షరం దూరానికి బాగా కనబడుతుంది కాబట్టి అందరికీ పసుపే కావాలి. ఆ రెండు నెలలూ నా గోళ్ళూ, కనుబొమలూ, దిండు గలీబూ అన్నీ పసుపే.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. అక్షరం తలకట్టు మొదలుపెట్టేముందు, చివర తోక తిప్పేముందు, కుంచె వెంట్రుకలు చీలిపోకుండా పెదాల మధ్య పెట్టి నాలుక మీద ఒక్కసారి తిప్పుతాం. పని నేర్పిన గురువుగారు నాకు మొదటి రోజే చెప్పారు. "నీళ్ళలో ముంచితే మొన చీలుతుందిరా. నాలిక మీద తిప్పు, సూదిలా నిలబడుద్ది." నిజంగానే నిలబడేది. ఆయన పెదాలు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి, మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. తర్వాత నా పెదాలూ అలాగే అయ్యాయి. నన్ను చూసి నవ్వడానికి నా కింద శిష్యులెవరూ లేకపోయారు, అంతే తేడా.

మార్చి నెలాఖరుకి కడుపులో నొప్పి మొదలైంది. తడిబట్ట పిండుతున్నట్టు పేగుల్ని మెలిపెట్టి వదిలేది. విరేచనం లేదు, ఆకలి లేదు. ముగ్గురు డాక్టర్లు చూసి ముగ్గురూ గ్యాసే అన్నారు. ముగ్గురూ కారం మానెయ్యమన్నారు. ఈలోగా నోట్లోకి ఆ తుప్పు రుచి వచ్చింది.

నేను దానికి నా భార్యని తప్పుపట్టాను. వరం చింతచిగురు పప్పు చేసి వడ్డించింది, నాకిష్టమని. ఒక ముద్ద పెట్టుకుని కంచంలోకే ఉమ్మేశాను.

"ఏం వేశావ్ ఇందులో?"

"చింతచిగురేనండీ. పొద్దున్నే బజారునించి తెచ్చాను."

"ఇనుము కలిసింది. నీ మూకుట్లోది."

ఆ మూకుడు వాళ్ళమ్మ ఇచ్చింది. వరం దాన్ని తీసి అటక మీద పెట్టేసింది. వారం తిరిగేసరికి వంటింట్లో ఇనప వస్తువన్నది లేకుండా చేసింది. అట్లకాడ, పెనం, కత్తిపీట కూడా. రుచి పోలేదు. తర్వాత నీళ్ళని తిట్టాను, ఉప్పుని తిట్టాను, మా వీధి చివర ఉల్లిపాయల గోడౌన్లని తిట్టాను. ఆ కుళ్ళిన ఉల్లిపాయల వాసన పుట్టినప్పటినుంచీ పీలుస్తున్నదే, అప్పటిదాకా అది కంపు అని నాకు తెలీదు. ఒకరోజు కంచం తోసేస్తే వరం నా ఎదురుగా కూర్చుండిపోయింది.

"ఇక నావల్ల కాదండీ. మీరే వండుకుని మీరే తినండి. అప్పుడైనా తెలుస్తుంది ఎవరి చేతిలో ఉందో ఇనుము."

ఆవిడ అన్నమాట ఎంత నిజమో ఇద్దరికీ తెలీదు. ఆ రోజు నేను చొక్కా వేసుకుని ఇంటి ముందరి దుకాణంలోకి వెళ్ళిపోయి, ఖాళీ కడుపుతో నాలుగు బ్యానర్లు రాశాను. అంటే ఎన్నిసార్లు కుంచె నోట్లో పెట్టి ఉంటానో మీరే ఊహించుకోండి.

మే

ఒకరోజు ఉదయం ఒక స్కూలు బ్యానరు రాస్తున్నాను. 'ప్రవేశములు' అన్న మాటలో 'శ' దగ్గర కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయింది. నొప్పి లేదు. తిమ్మిరి లేదు. వేళ్ళు ముడుచుకుంటున్నాయి, మోచెయ్యి వంగుతోంది, కానీ అరచెయ్యి పైకి లేవడం లేదు. నీళ్ళు పొయ్యని తోటకూర కాడలా కిందికి వాలిపోయింది. ఎడమ చేత్తో పైకెత్తాను. వదిలితే మళ్ళీ వాలింది. నాకు ఉన్న ఆస్తి ఆ చెయ్యి ఒక్కటే.

మా వీధిలో రెండు మాటలు పుట్టాయి. ఒకటి, పక్షవాతం. రెండోది, తాగుతాడు కాబోలు. తాగుడు మాట నా ముందు అన్నవాళ్ళు లేరు, వరంతోనే అన్నారు. ఆవిడ వాళ్ళతో పోట్లాడి ఇంటికొచ్చి నాతో మాట్లాడ్డం మానేసింది.

పక్షవాతానికి పావురం రక్తం మంచిదని ఎవరో చెప్పారు. పెంటపాడు అవతల ఒకాయన చేస్తాడట. నాకు ఇష్టం లేదు, వరం ఏడ్చి ఒప్పించింది. రెండు పావురాల్ని బుట్టలో పెట్టుకుని వెళ్ళాం. ఆయన నా ముందే వాటి మెడ కోసి, వేడి రక్తం నా చేతిమీద పోసి, మోచేతి దాకా మర్దనా చేశాడు. మూడు రోజులు కడక్కూడదన్నాడు. మే నెల ఎండ. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోలేదు. ఇంటికొచ్చేసరికి రక్తం గడ్డకట్టి పొలుసులు లేస్తోంది, ఈగలు ముసురుతున్నాయి. నా చెయ్యి నాకే కసాయి దుకాణం బల్లలా కనబడింది. రెండో రోజు పొద్దున్నే బావి దగ్గరికి పోయి సబ్బు అరిగేదాకా కడిగేశాను. "మీకు బాగవ్వాలని లేదు" అంది వరం. నాకు ఆ మాటమీద కోపం రాలేదు, ఆ పావురాల మీదే మనసంతా ఉంది.

ఈలోగా ఒప్పుకున్న పనులు అలాగే ఉన్నాయి. మా అమ్మాయి శిరీష అప్పుడు ఎనిమిదో తరగతి పూర్తి చేసి సెలవుల్లో ఉంది. చిన్నప్పటినుంచీ నా పక్కన కూర్చుని అక్షరాలు దిద్దేది. "నేను రాస్తాను నాన్నగారూ" అంది. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెబుతుంటే తను రాసేది. బాగా రాసింది. సున్నాలు నాకంటే గుండ్రంగా వచ్చాయి. కానీ తోకల దగ్గర మొన చీలుతోంది.

"నోట్లో పెట్టి తిప్పమ్మా."

పెట్టింది. మొహం చిట్లించింది. "వెగటుగా ఉంది నాన్నగారూ."

"అలవాటవుతుంది" అన్నాను.

మే నెలంతా ఆ పిల్ల బ్యానర్లు రాసింది. నేను గర్వంగా కూర్చుని చూశాను.

జూన్

కడుపునొప్పి తట్టుకోలేక ఒకరోజు నేలమీద పడి దొర్లాను. వరం ఆటో పిలిచి రైల్వే స్టేషనుకి, అక్కణ్ణించి ఏలూరుకి తీసుకుపోయింది. అక్కడ ఒక పెద్ద డాక్టరుగారు ఉన్నారని ఎవరో చెప్పారు.

ఆ ఆస్పత్రి హాలు గురించి చెప్పకుండా ఉండలేను. ఫినాయిలు, మల్లెపూలు, ఎవరిదో పులిసిన ఇడ్లీ, పసిపిల్లల వాంతి, అన్నీ కలిసిన వాసన. ఎదురుగోడ మీద 'ఇక్కడ ఉమ్మివేయరాదు' అని రాసుంది, దానికిందే ఎర్రటి ఉమ్ములు. నాకు ఆ ఉమ్ములకంటే ఆ రాత మీద అసహ్యమేసింది. చోటు చూసుకోకుండా మొదలుపెట్టి చివరి మూడక్షరాలు ఇరికించాడు ఎవడో. నాలుగు గంటలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఈ చెయ్యి లేస్తే ముందు ఈ గోడే తుడిచి రాస్తానని అనుకున్నాను, వెంటనే చెయ్యి లేవదన్న సంగతి గుర్తొచ్చింది.

పక్కనే ఒక ముసలాయన, ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం పెద్దమనిషి, భార్యకి చూపించడానికి వచ్చారు. వరం ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడింది. నేను బత్తాయి ఒలుచుకోలేక ఒళ్ళో పెట్టుకుని తిప్పుతున్నాను. ఆయన అడక్కుండానే తీసుకుని ఒలిచారు. ఒక్కో తొనకీ పీచు లాగేసి, గింజ తీసి, నా ఎడమ చేతిలో పెట్టారు.

"ఏం పని చేస్తారండీ తమరు?"

"బోర్డులు రాస్తానండి."

"మాది ఉన్ని పనండి. ఇంట్లో అందరం దగ్గుతామండి. చేసే పని కొంచెం కొంచెం మనలోకి పోద్దండి, ఏం చేస్తాం" అన్నారు. నేను తల ఊపి తొన నోట్లో పెట్టుకున్నాను. బత్తాయి కూడా ఇనుమే.

డాక్టరుగారు అరవై దాటినాయన. నేను తీసుకెళ్ళిన కాగితాల కట్ట పక్కన పెట్టేసి, అదే ప్రశ్న అడిగారు. ఏం పని చేస్తారని. అప్పటికి ముగ్గురు డాక్టర్లు, ఒక పావురాలాయన నన్ను చూశారు. ఒక్కరూ అడగలేదు.

"బోర్డులూ బ్యానర్లూ రాస్తానండి."

"ఎలా రాస్తారు? చేసి చూపించండి."

నాకు ఒళ్ళు మండింది. చెయ్యి పడిపోయినవాణ్ణి పట్టుకుని రాసి చూపించమనడం ఏమిటి? "ఈ చెయ్యి లేవదండి" అన్నాను.

"రెండోది ఉందిగా" అని తన పెన్ను ఇచ్చారు.

ఎడమ చేత్తో పట్టుకున్నాను. లేని డబ్బాలో ముంచినట్టు ముంచి, గాలిలో ఒక తలకట్టు పెట్టబోయాను.

"ఆగండి. ఇప్పుడేం చేశారు?"

"ఏం చెయ్యలేదండి. ఇంకా మొదలెట్టలేదు."

"మళ్ళీ మొదట్నించి చెయ్యండి."

చేశాను. వరం సిగ్గుతో చచ్చిపోయింది. "ఏవండీ, డాక్టరుగారి పెన్ను ఎంగిలి చేశారు" అని గొణిగింది.

ఆయన నవ్వలేదు. టార్చిలైటు తీసి నా నోరు తెరిపించి చిగుళ్ళు చూశారు. పళ్ళ మొదట్లో నీలంగా ఒక గీత ఉందట. నేను అది పాచి అనుకుని రోజూ వేపపుల్లతో రుద్దుతున్నాను. ఏ రంగు వాడతారు, ఎన్నేళ్ళయింది, పొడి ఎక్కడ కలుపుతారు, ఎక్కడ పడుకుంటారు అని అడిగారు. దుకాణం వెనక గదిలోనే ఇల్లని చెప్పాను.

"ఆ పసుపులో సీసం ఉంటుందండి. ఇరవై ఆరేళ్ళుగా మీరు దాన్ని కొంచెం కొంచెంగా తింటున్నారు. రక్తపరీక్ష చేస్తే ఖాయంగా తెలుస్తుంది." కాస్త ఆగి అడిగారు. "ఇంట్లో ఇంకెవరైనా ఈ పని చేస్తారా?"

"లేదండి" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. సిగ్గో, భయమో. పిల్లని ఈ గదిలోకి లాగకుండా ఉంటే దానికేమీ కాదన్న పిచ్చి ఆశో.

"ఉందండి" అంది వరం. "మా అమ్మాయి. మే నెలంతా అదే రాసింది. ఈయనే దగ్గర కూర్చుని నోట్లో పెట్టించారు."

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. నేను ఆ పెన్ను ఇంకా పట్టుకునే ఉన్నాను. జీవితంలో నాకు చాలావాటి మీద రోత పుట్టింది కానీ, ఆ నిమిషం నా మీద నాకు పుట్టినంత రోత ఇంకెప్పుడూ పుట్టలేదు. 'అలవాటవుతుంది' అన్న నా గొంతు చెవిలో వినిపించింది. లేచి వాష్ బేసిన్ దగ్గరికి పోయి వాంతి చేసుకున్నాను. కడుపులో బత్తాయి తొనలు తప్ప ఏమీ లేవు.

పది రోజులు ఆస్పత్రిలో ఉంచి సూదిమందు ఇచ్చారు. శిరీషకీ రక్తం తీశారు. ఆ రిపోర్టు బయట ఊరునించి వచ్చేదాకా నేను ఎవరి మొహమూ చూడలేదు. దాని ఒంట్లోనూ సీసం ఉంది, కానీ తక్కువ. ఆ రంగు జోలికి మళ్ళీ వెళ్ళకపోతే దానంతటదే తగ్గుతుందన్నారు. వరం కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

పంపించే రోజున అడిగాను. "చెయ్యి వస్తుందాండీ?"

"రావచ్చండి. రాకపోవచ్చు కూడా. ఆర్నెల్లు చూద్దాం. ఆ రంగుకి దూరంగా ఉండండి. రోజుకో చిన్న బొమ్మ కుడిచేత్తోనే వెయ్యండి. బాగుండక్కర్లేదు. పని చెప్పకపోతే చెయ్యి పని మర్చిపోతుంది."

"నాకు బొమ్మలు రావండి."

"అయితే మరీ మంచిది. బాగా రాలేదని బాధపడక్కర్లేదు."

జూలై నుంచి అక్టోబరు

ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి రంగులన్నీ తీసేసేదాకా మేమెవరమూ అక్కడ ఉండకూడదన్నారు. శిరీష బడి పోకుండా వరం ఊళ్ళోనే వేరే గది చూసుకుంది. వరం వాళ్ళక్క కొల్లేటికోటలో ఉంటుంది, వాళ్ళాయన చేపల చెరువు మీద కాపలా. ఆకివీడు దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో, చివర పడవ. గోడకి తగిలించుకునే క్యాలెండరు ఒకటి తీసుకెళ్ళాను, రోజుకో కాగితం చింపేది. ముందువైపు తేదీ, వర్జ్యం. వెనకవైపు తెల్లగా ఉంటుంది. అరచెయ్యంత కాగితం, అంతకంటే పెద్దది నాకు అక్కర్లేదు.

కొల్లేరంటే తామరపూలూ కొంగలూ అనుకుంటారు. నాకు మొదట కనబడింది కోళ్ళఫారం చెత్త బస్తాలు. చేపలకి మేతగా వేస్తారు. తడిసిన ఆ బస్తాల కంపు, తవుడు వాసన, గట్టుమీద చచ్చి ఉబ్బిన చేప. వదిన పులుసు పెడితే ఊరంతా మెచ్చుకుంటుంది, నేను ఆ గిన్నె మూత తియ్యగానే బయటికి పరిగెత్తేవాణ్ణి. ఆవిడ నాకు ఉత్త చారన్నం కలిపి పెట్టేది.

చేతికి చెక్కబద్ద కట్టి నిటారుగా ఉంచారు. రోజుకో గంట విప్పేవాణ్ణి. విప్పగానే చెయ్యి వాలిపోయేది. ఎడమ చేత్తో పెన్సిలు తీసి, కుడిచేతి వేళ్ళ మధ్య ఇరికించి, భుజంతో తోసి గీసేవాణ్ణి. మొదటి కాగితం మీద పడింది పురుగు పాకినట్టు ఒక గీత. అది చెంబు అని నాకు తప్ప ఎవరికీ తెలీదు. అందమైనవి వెయ్యాలనిపించలేదు. అసహ్యంగా ఉన్నవే వేశాను. ఉబ్బిన చేప, దానిమీద ఈగ. కోడిచెత్త బస్తా. అద్దంలో నా నోరు, ఆ నీలం గీతతో సహా. అదే నాలుగైదు సార్లు వేశాను.

మొదటి ఆదివారం శిరీష వచ్చింది. ఏడు కాగితాలూ వరసగా పరుచుకుని చూసింది. "ఇది చేపా, చెప్పా?" అంది. అప్పుడే గబుక్కున నా ఎడమచెయ్యి పట్టుకుంది. "నాన్నగారూ! నోరు!"

పెన్సిలు నా నోట్లో ఉంది.

బొగ్గుతో వేస్తే బొగ్గు నోట్లోకి పోయింది. బాల్ పెన్నుతో వేస్తే దాని మూత నమిలాను. నాకు తెలియకుండా, నేను చూస్తుండగానే, ఎడమచెయ్యి ఏది దొరికితే దాన్ని నోటి దగ్గరికి తీసుకుపోయేది. ఇంత జరిగాక కూడా ఇలా చేసే నోరు మనిషికెందుకు అనిపించేది. పెదాలకి ప్లాస్టరు అంటించుకున్నాను. చెమటకి ఊడిపోయింది.

ఇది చూసి చూసి వదిన అంది. "పోతే పోనివ్వండి మరిదిగారూ, లోపలికి పోయినా ఏమీ కానివాటితోనే వెయ్యండి. మా వంటింట్లో లేని రంగా?"

అలా మొదలైంది. కొత్త కుంచె ఒకటి శిరీష తెచ్చింది. పసుపు కొమ్ము అరగదీసి వేశాను. ఆ పసుపు రంగు కాగితం మీద చూడగానే కొమ్ము చెరువులోకి విసిరేశాను, అది మాత్రం మళ్ళీ ముట్టలేదు. కాఫీ డికాక్షను బాగుంది, ముదురు కావాలంటే రెండుసార్లు పూయాలి. చింతపండు గుజ్జు ఆరాక చీమలు పట్టి, ముక్కు కింద సంచి వేలాడే గూడబాతు బొమ్మ ఒకటి తెల్లారేసరికి కాళ్ళు లేకుండా పోయింది. బచ్చలిపళ్ళ రసం మొదటిరోజు ఊదాగా మెరిసి, వారానికి పాత మరకలా వెలిసిపోయింది. గంజిలో కలిపిన మసి అన్నిటికంటే నిలిచింది. ఇవన్నీ నాకు కాగితం మీదకంటే నాలుక మీద ఎక్కువ తెలుసు. అన్నిటి కిందా ఆ తుప్పు అలాగే ఉంది.

ఒక ఆదివారం శిరీషని అడిగాను. ఎన్నో వారాలుగా అడగాలనుకుంటున్నదే. "ఆ రోజు వెగటుగా ఉందన్నావు కదమ్మా."

"ఊఁ."

"నేను అలవాటవుతుందన్నాను."

అది కాగితాలు సర్దుతూ తలెత్తకుండా చెప్పింది. "అలవాటయింది నాన్నగారూ. స్కూల్లో పెన్ను కూడా నోట్లోకే పోతోంది. టీచరుగారు రోజూ తిడుతున్నారు."

వంటింట్లోంచి వదిన విన్నట్టుంది. వేపాకు ముద్ద నూరి తెచ్చింది. పాలు మాన్పించేటప్పుడు తల్లులు చేసే పని. నా కుంచె వెంట్రుకలకీ పట్టించింది, శిరీష పెన్ను చివరకీ పట్టించింది. "తండ్రీ కూతుళ్ళిద్దరికీ ఒకటే మందు" అంది. ఇక అప్పటినుంచి నాకు ఆకుపచ్చ బొమ్మలే. శిరీషకి మూడు వారాల్లో ఆ అలవాటు పోయింది. నాకు పోలేదు. తుప్పూ చేదూ కలిసి ఎలా ఉంటుందో రాయడానికి నా దగ్గర మాటల్లేవు, రాసి మిమ్మల్ని బాధపెట్టడం కూడా దేనికి?

అక్టోబరు నెలాఖరుకి కడుపు కుదుటపడింది. ఆకలి కాస్త మొదలైంది. చెయ్యి మాత్రం అలాగే ఉంది. నూట ఇరవై కాగితాలకి పైగా అయ్యాయి. గీత కాస్త నిలకడగా వస్తోంది, కానీ అది భుజం నేర్చుకున్న పని. మణికట్టు వాలే ఉంది. డాక్టరుగారు చెప్పిన ఆర్నెల్లలో ఇంక రెండు నెలలే మిగిలాయి. దుకాణం ఖాళీ చేసేద్దామా అని వరం ఒకసారి అడిగింది. చూద్దామన్నాను. ఆ రోజు కాగితం మీద తాళంకప్ప వేశాను.

నవంబరు

ఆదివారం పొద్దున. శిరీష, వరం ఇద్దరూ వచ్చారు. గట్టుమీద చాప వేసుకుని కూర్చున్నాం. వరం వాళ్ళక్కతో పాటు చేపలు తోముతోంది. చేప కంపు నాకు అంత వెగటుగా లేదని గమనించాను. చెక్కబద్ద విప్పాను. చెయ్యి ఎప్పటిలాగే ఒళ్ళోకి వాలింది. ఎడమ చేత్తో కుంచెని వేపాకు రసంలో ముంచి, కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టుకున్నాను.

ఎదురు నీళ్ళలో గూడబాతు దిగింది. అంత పెద్ద పిట్ట, దిగేటప్పుడు రెండు కాళ్ళూ ముందుకి చాపి నీళ్ళని బరుక్కుంటూ ఆగుతుంది. మెడ దగ్గర వంపు ఒకటి ఉంది, అచ్చం 'ల' రాసేటప్పుడు చివర తిరిగే తోకలాంటిది. దానికి మొన సన్నగా ఉండాలి. నేను పిట్టని చూస్తున్నాను.

"నాన్నగారూ! నోరు!"

నోరంతా చేదు. ఛీ అని పక్కకి ఉమ్మేశాను. మళ్ళీ ఉమ్మాను. శిరీష నా ఎడమచెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. ఎడమచెయ్యి చాప మీదే ఉంది. కాగితం ఎగిరిపోకుండా నొక్కిపట్టి ఉంది.

నేనూ చూశాను. కుంచె నా మొహం దగ్గర ఉంది. దాన్ని పట్టుకున్నది కుడిచెయ్యి. మణికట్టు నిటారుగా నిలబడి ఉంది. ఎవరూ ఎత్తలేదు, చెక్కబద్ద లేదు. ఐదు నెలలు బతిమాలినా లేవని చెయ్యి, ఆ దిక్కుమాలిన పనికోసం తనంతట తనే లేచింది.

తర్వాత చెయ్యి మెల్లగా వాలిపోయింది. కుంచె కాగితం మీద పడి పచ్చటి మరక అయింది. వరం చేప చేతులతోనే పరిగెత్తుకొచ్చి ఏమైంది ఏమైందని అడుగుతోంది. నాలుక పైకీ కిందికీ తిప్పి వెతుక్కున్నాను. చేదు ఉంది. పరమ చేదు, ఒట్టి వేపాకు చేదు. దానికింద ఇంకేమీ లేదు.

శిరీష కుంచె తీసి మళ్ళీ నా కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టింది. "చేదుగా ఉందా నాన్నగారూ?"

"ఛీ... చెప్పలేనంత."

"అయితే ఇంకొక్కసారి నోట్లో పెట్టుకోండి" అంది, ఏడుస్తూ.